తర్వాత చేరేవారికి

ప్రకటనలో ఖాళీ ఒక్కటే అని ఉంటుంది.
అయిదేళ్ళ కాలం, నెలనెలా భృతి
(నెలనెలా అన్నది వాళ్ళ మాట),
మడ అడవుల పునరుత్పత్తి మీద డాక్టరేటు.
అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో,
అభ్యర్థికి ఈత వచ్చి ఉండవలెను.
నాకు రాదు. మెట్ట ఊరిదాన్ని,
మా చెరువులో మొలలోతు దాటి నీళ్ళెప్పుడూ చూడలేదు.
వచ్చు అని రాశాను.
ఈ పరిశోధనలో అది నా మొదటి అబద్ధం.
రెండోది తర్వాత చెబుతాను.

తాళ్ళరేవులో బస్సు దిగి
రొయ్యల చెరువుల గట్టంట నడిస్తే
కాసులు నావ ఉంటుంది.
లేదంటే పాటు తీసేసిందని అర్థం,
ఆరు గంటలు ఆగాలి. ఆగు.
నీ చేతిలో ఉన్న ఆటుపోట్ల పట్టిక కన్నా
అతనికి పావుగంట ముందే తెలుస్తుంది.
ఎలా అని అడిగాను మొదటి ఏడు.
"నీళ్ళ వాసన మారుద్దండి" అన్నాడు.
పద్ధతుల అధ్యాయంలో
ఆ వాక్యానికి చోటు దొరకలేదు.

ప్లాట్లు ఇరవై నాలుగు.
మూలలకి కట్టిన పసుపు తాళ్ళు పీతలు కొరికేస్తాయి,
కొత్తవి గైడుగారిని అడక్కు, బజార్లో కొనుక్కో.
తిల్ల కొమ్మ తగిలేచోట మొహం తిప్పుకో,
ఆ పాలు కంట్లో పడితే మూడు రోజులు చీకటి.
ఊపిరి వేళ్ళ మీద కాలెయ్యకు.
వేస్తావు. అందరం వేశాం.
బురద మోకాలు దాటితే గుంజుకోకు,
ముందు మడమ, తర్వాత వేళ్ళు,
చెప్పు మాత్రం దానికే వదిలెయ్.
నావి ఏడు జతలున్నాయి ఆ అడుగున.

ఉప్పుపొన్న గింజ నేల కోసం ఆగదు.
తల్లి కొమ్మని పట్టుకునే మొలకెత్తి,
జానెడు ఈటె అయ్యాక దూకుతుంది.
పాటులో పడితే బురదలో దిగబడుతుంది,
పోటులో పడితే ఎటో.
నాలుగేళ్ళు నేను లెక్కపెట్టింది ఇంతే.
దిగబడ్డవాటికి గడి ఉంది పట్టికలో,
ఎటో పోయినవాటికి లేదు.

ఇప్పుడు రెండోది.
పదిహేడో ప్లాటు, నాలుగు వందల పన్నెండో చెట్టు.
నల్లమడ. చుట్టుకొలత అరవై ఒకటి.
ఎదురుగా "తుఫానులో పోయింది" అని
నా దస్తూరీలోనే ఉంటుంది.
ఆ ఏడు తుఫాను వచ్చిన మాట నిజం.
చెట్టు మాత్రం ఆ తర్వాత పదకొండు రోజులు
నిక్షేపంగా నిలబడే ఉంది.

మరిడమ్మ వాళ్ళింట్లో టీ తాగుతున్నాను.
కప్పు లేదు, టార్పాలిన్ కట్టారు,
గ్యాస్ బండ ఏ పాయలో తేలిందో ఎవరికీ తెలీదు.
పొయ్యిలో ఎర్రగా, పొగ లేకుండా
మడకట్టె మండుతోంది.
చంటివాడి మొలతాడుకి
అల్యూమినియం బిళ్ళ మెరిసింది.
నేను సుత్తితో కొట్టిన అంకెలే,
నాలుగు కొంచెం వంకర.
నేను చూడటం ఆవిడ చూసింది.
ఏమీ అనలేదు,
నా టీలో ఇంకో చెంచా పంచదార వేసింది.

పన్నెండు వందల చెట్లలో ఒకటి.
సగటు మారుతుందేమోనని ఆ రాత్రి లెక్క కట్టాను.
మూడో దశాంశంలో కూడా మారలేదు.
మారితే బాగుండునేమో,
రాయడానికి ఒక కారణం ఉండేది.

ఆ మోడుకి ఇప్పుడు పిలకలు వచ్చాయి,
పోయిన వారం చూస్తే అయిదు.
కొత్త నంబరు నువ్వు వెయ్యి.
పాత గడిలో నిజం రాస్తావో లేదో
నీ ఇష్టం, ఫైలు ఇక నీది.
కాని ముందు ఒకసారి ఆ ఇంటికి వెళ్ళిరా.
వాడిప్పుడు నడుస్తున్నాడు,
బిళ్ళ చప్పుడు వాడికన్నా ముందు వస్తుంది.

ఇంకోటి.
నావ ఎక్కేముందు కాసులు అడుగుతాడు
ఈత వచ్చా అని.
రాదని చెప్పు.
మధ్యలో కూర్చోబెడతాడు.